తీరపు పక్షుల గ్రుడ్లు, ఊరి కుక్కలు

పంచతంత్రములో టిట్టిభ దంపతుల కథ యొకటి కలదు. సముద్రపు టొడ్డున ఆ పక్షులు పెట్టుకొన్న గ్రుడ్లను సముద్రుడు అపహరించెను. ఆడపక్షి దుఃఖించినది. మగపక్షి తక్కిన పక్షులను కూడగట్టుకొని గరుత్మంతునికి మొరపెట్టుకొన్నది. గరుత్మంతుడు విష్ణుమూర్తికి విన్నవించెను. తుదకు సముద్రుడు భయపడి గ్రుడ్లను తిరిగి యిచ్చివేసెను. టిట్టిభమనగా మనము ఊళ్ళలో తీతువు పిట్ట యని పిలుచుకొను పక్షియే. అది చెట్టుపై గూడు కట్టదనియు, నేలమీదనే గ్రుడ్లు పెట్టుననియు ఆ కథ చెప్పినవారు చక్కగా ఎరుగుదురు.

కథలో గ్రుడ్లను తీసికొనిపోయినది అల. నేడు తీర గ్రామములలో అలకు తోడు మరియొక అపాయము చేరినది. ఇసుక తిన్నెలపై విచ్చలవిడిగా తిరుగు కుక్కయే ఆ అపాయము. ఈ పర్యాయము మొర వినవలసినది గరుత్మంతుడు కాదు, గ్రామ పంచాయతీ.

ఈ మాట విని పంచాయతీ సభ్యులలో కొందరు నవ్వుకొనవచ్చును. మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు, ఇంటి పన్నులు ఇన్ని యుండగా పిట్టల గ్రుడ్లు కూడ ఒక సమస్యయా యని అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని ఇది గొప్ప వ్యయముతో కూడిన పని కాదు. కొంత తాడు, కొన్ని కర్రలు, ఇద్దరు ముగ్గురు మనుష్యుల శ్రద్ధ, చేపల రేవులో పారిశుద్ధ్యము, ఇంతటితో నెరవేరును. ఇందులో సగము పనులు ఊరి ఆరోగ్యము కొరకు ఎట్లును చేయవలసినవే.

గూడు కనబడని పక్షులు

శ్రీకాకుళము జిల్లాలోని తేలినీలాపురము, తేలుకుంచి గ్రామముల పేర్లు విననివారు అరుదు. గుంటూరునకు సమీపమున నున్న ఉప్పలపాడు పేరును అట్టిదే. ఈ గ్రామములలోని చెట్లపై కొంగలు, గూడబాతులు గుంపులు గుంపులుగా చేరును. గ్రామస్థులు వానిని తమ ఇంటి చుట్టములవలె చూచుకొందురు. ఎవరైన రాయి విసిరినచో ఊరుకొనరు. దీనికి కారణము ఆ పక్షులపై గల ప్రేమ మాత్రమే కాదు. ఆ పక్షులు పెద్దవి. వాని గూళ్ళు పదిమందికి కనబడును. కంటికి కనబడు దానిని కాపాడుట సులభము.

ఇసుకపై గ్రుడ్లు పెట్టు పక్షుల సంగతి వేరు. తీతువు, పొడవైన ఎర్రని కాళ్ళతో ఉప్పుమడులలో తిరుగు స్టిల్టు పక్షి, పిచ్చుకకంటె కొంచెము పెద్దవై నీటి అంచున పరుగులు పెట్టు ప్లవర్ జాతి పక్షులు, నీటిపై ఎగురుచు చేపకొరకు నిట్టనిలువుగా దూకు టర్ను పక్షులు, ఇవన్నియు నేలను నమ్ముకొన్నవి. సముద్రపు టొడ్డు, నదుల మొగలు, ఏటి తిప్పలు, ఉప్పుమడుల గట్లు వీని పురుటిండ్లు. ఇవి పుల్లా పుడకా ఏరి గూడు అల్లవు. రొమ్ముతో ఇసుకను ఒత్తి చిన్న గుంట చేయును. ఆ గుంట చుట్టు నాలుగు గులకరాళ్ళో, గవ్వపెంకులో పేర్చును. అంతే గూడు. గ్రుడ్లు ఇసుక రంగులో నుండి, వానిపై నల్లని, గోధుమరంగు మచ్చలుండును. రెండు అడుగుల దూరమున నిలిచి చూచినను కనుగొనుట కష్టము.

ఈ మరుగే వానికి ప్రకృతి ఇచ్చిన రక్ష. ఈ మరుగే నేడు వాని పాలిటి శాపము కూడ అగుచున్నది. కనబడని గూటిని మనిషి తెలియక తొక్కును, ట్రాక్టరు తెలియక తొక్కును. కుక్కకు మాత్రము కన్నుతో పనిలేదు. అది వాసనతో వెదకును.

మన దేశమున తీతువు గ్రుడ్లు పెట్టు కాలము సుమారుగా మార్చి మొదలు ఆగస్టు వరకు. నాలుగు గ్రుడ్లు పెట్టి, దాదాపు నాలుగు వారములు పొదుగును. తక్కిన తీరపక్షులలో పెక్కింటికి కూడ వేసవియే ముఖ్యమైన కాలము. అనగా ఇసుకపై అరికాలు మోపలేనంత ఎండ కాయు దినములలో ఈ పక్షులు అదే ఇసుకపై కూర్చుండవలెను. ఇక్కడ ఒక విషయము గమనింపదగినది. కోడి గ్రుడ్లపై కూర్చుండునది వానికి వెచ్చదనము ఇచ్చుటకు. తీతువు మిట్టమధ్యాహ్నము గ్రుడ్లపై నిలుచునది వానికి నీడ ఇచ్చుటకు. అది అప్పుడప్పుడు నీటి యొద్దకు పోయి, పొట్ట ఈకలను బాగుగ తడుపుకొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లబరచును. తల్లియో తండ్రియో కొంతసేపు తొలగినచో గ్రుడ్డులోని పిల్ల ఎండకు ఉడికిపోవును. ఈ ఒక్క సంగతి తెలిసినచో కుక్కలవలన కలుగు నష్టమెట్టిదో సగము తెలిసినట్లే.

పిల్లలు పుట్టిన తరువాత కష్టము తీరదు. తీతువు, ప్లవర్ పిల్లలు గ్రుడ్డునుండి వెలువడిన కొన్ని గంటలలోనే నడక నేర్చును. అవి గూటిలో నుండవు. తమ మేత తామే వెదకికొనుచు నీటి అంచునకు పోవును. ఎగురుటకు మాత్రము ఇంచుమించు నెల దినములు పట్టును. ఆ నెల దినములు వానికి తెలిసిన ఉపాయమొక్కటే. అపాయము వచ్చినదని తల్లి కేక వేయగానే నేలకు కరచుకొని కదలక పడియుండుట. గ్రద్ద కంటినుండి ఈ ఉపాయము కాపాడును. కుక్క ముక్కునుండి కాపాడజాలదు.

కుక్క చేయు హాని

కుక్క గ్రుడ్లను తినుననియు, పిల్లలను పట్టుననియు ఎల్లరు ఎరుగుదురు. ఎవరికిని తోచని హాని మరియొకటి కలదు. అది ఏమియు తినకుండగనే, దేనిని ముట్టకుండగనే కలుగునది.

ఒక వేసవి ఉదయమున ఈ వ్యాసకర్త ఒక మత్స్యకార పల్లె దాపున ఇసుక తిన్నెపై నిలిచి ఈ తమాషా చూచెను. తమాషా యనుట తప్పు. అప్పుడు అట్లు తోచినది. ఒక కుక్క ఆడుకొనుచు తిన్నెమీదికి పరుగెత్తినది. వెంటనే ఒక తీతువు అరచుచు లేచి దాని తలపై చక్కర్లు కొట్టసాగినది. రెండవది ఇసుకపై కుంటుచు కుక్కకు ఎదురుగా కొంత దూరము పోయినది. కుక్క దాని వెంటబడినది. పక్షి అందీ అందనట్లు దానిని సరుగుడు తోటవరకు తీసికొనిపోయి ఎగిరిపోయినది. కుక్క తిరిగి వచ్చి, మరల అదే ఆట మొదలు పెట్టినది. ఇట్లు ముప్పావు గంట గడచినది. ఆ కుక్క ఒక్క గ్రుడ్డునైనను తినలేదు. కడుపు నిండిన కుక్క యది. మెడకు పట్టీ కూడ కలదు. కాని ఆ ముప్పావు గంటయు గ్రుడ్లపై నీడ లేదు. ఎండ ఎక్కుచుండెను. ఒడ్డున వల బాగుచేయుచున్న పెద్దాయన తల ఎత్తి చూచి, “అది ఆడుకొంటున్నది లెండి, ఏమీ చేయదు” అనెను. ఆయన మాటలో అబద్ధము లేదు. కుక్కకు అది ఆటయే.

కుక్క విశ్వాసము గల జంతువు. రాత్రివేళ పడవలకు, వలలకు కాపలా కాయునది అదియే. దానిని దూషించుట ఈ వ్యాసము ఉద్దేశము కాదు. కాని పక్షి దృష్టిలో కుక్క నక్కకు తోబుట్టువు. మనిషి దూరముగా నడచిపోయినచో పక్షి తల ఎత్తి చూచి మరల కూర్చుండవచ్చును. కుక్కను చూచినచో కూర్చుండదు.

తీర గ్రామములలో కుక్కలు ఇంతగా ఎందుకున్నవి? ఉదయమున పడవలు ఒడ్డు చేరిన తరువాత రేవులో కొంతసేపు నిలిచి చూచినచో సమాధానము దొరకును. పనికిరాని చిన్న చేపలను, చేప పేగులను, తలలను ఒడ్డుననే పారవేయుదురు. ఎండు చేపలు ఆరబెట్టుచోట రాలినవి అచ్చటనే యుండును. ఇది కుక్కలకు నిత్య సంతర్పణము. వేట ముమ్మరముగా నున్నప్పుడు ఈ ఆహారముతో కుక్కల సంఖ్య పెరుగును. తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవల చేపలవేటపై నిషేధము అమలులో నుండును. అప్పుడు రేవులో దొరకు మేత తగ్గును. పెరిగిన కుక్కలు ఆకలితో ఒడ్డు వెంబడి వెదకుట సహజము. ఆ వెదకు కాలమే పక్షులు ఇసుకపై కూర్చుండు కాలము. ఈ రెండును ఒకే ఋతువులో వచ్చుట పక్షుల దురదృష్టము.

ఒక తాడు చేసిన మేలు

ఇతర దేశములలో ఈ విషయమై జరిగిన కృషినుండి మనము గ్రహింపదగినది కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున శాంటా బార్బరా పట్టణ సమీపములో కోల్ ఆయిల్ పాయింట్ అను తీరభాగము కలదు. అది అక్కడి విశ్వవిద్యాలయము ఆధీనములో నున్నది. స్నోయీ ప్లవర్ అను చిన్న పక్షి యొకప్పుడు అక్కడ గ్రుడ్లు పెట్టెడిది. జనుల రాకపోకలు పెరిగిన పిమ్మట దాదాపు 30 ఏండ్లపాటు అక్కడ గూడు పెట్టుట మానివేసినది. చలికాలమున వచ్చి ఇసుకపై విశ్రమించెడిది, గ్రుడ్ల వేళకు వెడలిపోయెడిది. శాస్త్రజ్ఞులు లెక్కించి చూడగా, విశ్రమించు ఆ పక్షులకు సెలవు దినములలో సగటున 27 నిమిషములకు ఒకసారి, పని దినములలో 43 నిమిషములకు ఒకసారి అలజడి కలుగుచుండెనని తేలినది. మనిషిని చూచి ఎగిరిపోవుటకంటె కుక్కను చూచి ఎగిరిపోవుటయే ఎక్కువ. కుక్కలను పట్టీతో పట్టుకొని నడువవలెనని అచ్చట నియమము లేకపోలేదు. పాటించువారే తక్కువ.

2001లో ఒక చిన్న ఏర్పాటు చేసిరి. తీరమునంతను మూసివేయలేదు. పక్షులు కూర్చుండు ఎగువ ఇసుక భాగమును మాత్రము తాడుతో వేరుచేసి, బోర్డులు పెట్టిరి. స్వచ్ఛంద సేవకులు ఒకరి తరువాత ఒకరు అచ్చట నిలిచి, వచ్చినవారికి దూరదర్శినితో పక్షిని చూపి, కుక్కకు పట్టీ కట్టుడని మర్యాదగా చెప్పుచుండిరి. అలజడి సగమునకు పైగా తగ్గినది. అంతకుముందు అచ్చటచ్చట చెదరియుండిన పక్షులు ఉదయమున జనులు రాసాగగానే తమంత తామే తాడు లోపలికి పోయి చేరుచుండెను. గ్రుడ్లు పెట్టుట మరల ప్రారంభమైనది. ఏటేట గూళ్ళు పెరిగినవి. పిల్లలు ఎగిరి బ్రతికినవి.

అక్కడివారు చేసిన ఒక పరీక్ష కడు ఆసక్తికరమైనది. తాడు వెలుపల ఇసుకలో కౌజుపిట్ట గ్రుడ్లను ఉంచి, ఎన్ని త్రొక్కిడికి గురియగునో చూచిరి. ఒక్కొక్క దినమున నూటికి 8 వంతుల ప్రమాదము కనబడినది. నూటికి 8 యనగా స్వల్పమే కదా యని తోచవచ్చును. కాని ఆ పక్షి సుమారు 27 దినములు పొదుగును. ప్రతి దినము మిగిలిన వానిలో నూటికి 8 చొప్పున పోవుచుండగా, 27వ దినము నాటికి నూరు గూళ్ళలో మిగులునవి సుమారు 10. ఇది త్రొక్కిడి లెక్క మాత్రమే. కుక్క తినునది, ఎండకు పోవునది దీనిలో చేరలేదు. వడ్డీ లెక్క తెలిసిన రైతునకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు.

పట్టీ కట్టినంత మాత్రమున సమస్య పూర్తిగా తీరదు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరము చుట్టుప్రక్కల అడవులలో శాస్త్రజ్ఞులు పరిశీలన జరిపి 2007లో ప్రకటించిరి. పట్టీతో కట్టిన కుక్కలను నడిపించిన దారులలో పక్షి జాతులు నూటికి 35 వంతులు, పక్షుల సంఖ్య నూటికి 41 వంతులు తగ్గినట్లు కనుగొనిరి. కావున ఒడ్డున మిగిలిన భాగములో కుక్కకు పట్టీ చాలును. గూళ్ళున్న పట్టులోనికి మాత్రము పట్టీ కట్టిన కుక్కయు పోరాదు.

అది సంపన్న దేశపు సంగతి, అచ్చటి కుక్కలకు యజమానులుందురు, మన కుక్కలు ఊరందరివి అని సభ్యులు చెప్పవచ్చును. నిజమే. కనుక మన దేశములోని ఉదాహరణము కూడ చూతము. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రముల సరిహద్దులలో ప్రవహించు చంబల్ నదిలో ఇండియన్ స్కిమ్మర్ అను పక్షి గ్రుడ్లు పెట్టును. క్రింది ముక్కు పొడవుగను, పై ముక్కు పొట్టిగను ఉండి, నీటిపై తేలికగా ఎగురుచు క్రింది ముక్కుతో నీటిని కోయుచు చేపలను పట్టు విచిత్రమైన పక్షి యిది. ప్రపంచములో వీని సంఖ్య చాల స్వల్పము. 2020లో దీనిని అంతరించు ప్రమాదము గల జాతుల పట్టికలో పై మెట్టునకు చేర్చిరి. వేసవిలో నదీమధ్యమున తేలిన ఇసుక తిప్పలపై ఇవి గుంపులుగా గ్రుడ్లు పెట్టును. చుట్టును నీరున్నంతవరకు తిప్ప కోటవంటిది. ఎగువ నీటి వాడకము పెరిగి నది సన్నబడినపుడు తిప్ప ఒడ్డుతో కలిసిపోవును. అప్పుడు కుక్కలు, నక్కలు నడచియే తిప్పమీదికి చేరును, పశువులు త్రొక్కును.

1883లో స్థాపితమైన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు అచ్చటి గ్రామస్థులనే గూళ్ళకు కావలివారుగ నియమించి ఈ పక్షులను రక్షించు కార్యక్రమమును నడుపుచున్నారు. గ్రుడ్ల కాలమంతయు ఆ కావలివారు తిప్పల దాపున నుండి, కుక్కలను, పశువులను మరలించుచు, గూళ్ళ లెక్క వ్రాసికొందురు. నదిని, ఇసుకను పుట్టినది మొదలు ఎరిగినవారు కనుక పక్షి ఎక్కడ కూర్చున్నదో వారికి తెలిసినట్లు పై ఊరివారికి తెలియదు.

చంబల్ మనకు చాల దూరము కాని, ఆ పక్షి మనకు క్రొత్తది కాదు. చలికాలమున స్కిమ్మర్లు కాకినాడ తీరమునకు, కోరింగ మడ అడవుల ముంగిట గల బురద మేటలకు, ఇసుక తిప్పలకు వచ్చి విశ్రమించును. ఉత్తరాదిన ఎవరో గ్రామస్థులు కాపాడిన పక్షులు మన గోదావరి మొగకు వచ్చుచున్నవి. ఇచ్చట అవి గ్రుడ్లు పెట్టవు గాని, కుక్కలు తరిమినపుడెల్ల లేచి ఎగురుటచే బలము వృథా చేసికొనును. సుదూర దేశములనుండి వచ్చు ఇతర వలస పక్షులకును ఇదే వర్తించును.

పంచాయతీ చేయగల పని

మొదట చట్టము సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున వేట యను మాటకు ఇచ్చిన నిర్వచనములో అడవి పక్షుల గ్రుడ్లకు నష్టము కలిగించుట, గ్రుడ్లను గాని గూళ్ళను గాని చెదరగొట్టుట కూడ చేరియున్నవి. 2019 నాటి తీర ప్రాంత నియంత్రణ ప్రకటనలో పక్షులు గ్రుడ్లు పెట్టు స్థలములను అత్యంత రక్షణ గల మొదటి తరగతిలో చేర్చిరి. రాజ్యాంగము పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములలో మత్స్య పరిశ్రమ, సామాజిక అడవులు, ఆరోగ్యము, పారిశుద్ధ్యము కలవు. కనుక ఇది మన పని కాదనుటకు వీలులేదు.

కుక్కల విషయములోను చట్టము స్పష్టముగనే యున్నది. విషము పెట్టి గాని, కొట్టి గాని కుక్కలను చంపుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము క్రింద నేరము. చట్టము మాట అటుంచినను, ఆ పద్ధతి ఫలించునది కాదు. రేవులో మేత యున్నంతకాలము చచ్చిన కుక్కల స్థానమును ప్రక్క ఊరి కుక్కలు ఆక్రమించును. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమముల ప్రకారము స్థానిక సంస్థలు కుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స, పిచ్చికుక్క వ్యాధి నిరోధక టీకా ఏర్పాటు చేయవలెను. ఇందుకు పశుసంవర్ధక శాఖవారి సహాయము కోరవలెను. ఊరి బిడ్డలను కుక్కకాటునుండి కాపాడుటకును ఇదే మార్గము. ఫలితము కనబడుటకు కొన్ని సంవత్సరములు పట్టును గనుక దీనిని ఎంత త్వరగా ఆరంభించిన అంత మేలు.

అన్నిటికంటె ముందు చేయవలసినది చేపల వ్యర్థములను గుంటలో పూడ్చుట. రేవునకు దగ్గరగా, వానకాలమున నీరు నిలువనిచోట, కుక్కలు త్రవ్వలేనంత లోతుగా గుంట తీయించి, ఏ దినపు వ్యర్థమును ఆ దినమే వేసి మట్టి కప్పవలెను. కొబ్బరి తోటలున్న ఊళ్ళలో ఇది ఎరువుగ పనికివచ్చును. రేవులో చేపలు అమ్ముకొను స్త్రీలను సంప్రదింపకుండ గుంట స్థలము నిర్ణయింపరాదు. దూరముగ త్రవ్వినచో ఎవరును అచ్చటికి మోయరు. గుంట ఖాళీగను, ఒడ్డు ఎప్పటివలెను ఉండును. కుక్కలకు అన్నము పెట్టు దయగలవారు ఊరూర ఉందురు. వారిని కాదనక, 2023 నియమములలో చెప్పినట్లు ఒక స్థలమును పంచాయతీయే నిర్ణయించి చూపవచ్చును. ఆ స్థలము ఇసుక తిన్నెకు ఎదురు దిక్కున, ఊరికి లోతట్టున ఉండునట్లు చూచిన చాలును.

ఇక గూళ్ళున్నచోటు కనుగొనుట. ఇది చంబల్ కావలివారు చేయు విధముననే జరుగవలెను. పట్నమునుండి నిపుణుడు వచ్చువరకు ఆగనక్కరలేదు. వల లాగువారు, మేకలు కాయు పిల్లలు, ఉప్పుమడులలో పనిచేయువారు ఎక్కడ తీతువు మనిషిపైకి అరచుచు వచ్చుచున్నదో చెప్పగలరు. పక్షి అరచుచోట గూడున్నదని అర్థము. దగ్గరకు పోయి గ్రుడ్లను వెదకరాదు. మన అడుగుల వాసన వెంట కుక్క వచ్చును. దూరమునుండియే గుర్తించి, ఆ చోటు చుట్టు ఏబది గజముల మేర సరుగుడు కర్రలు పాతి, మోకాలెత్తున కొబ్బరితాడు కట్టవలెను. పాత వలలను ఎంత మాత్రమును వాడరాదు. పిల్లలును, రాత్రివేళ ఒడ్డునకు వచ్చు తాబేళ్ళును వానిలో చిక్కుకొనును.

తాడు మనుష్యులను, ట్రాక్టర్లను, విహారమునకు వచ్చువారి మోటారు సైకిళ్ళను ఆపును, కుక్కను ఆపలేదు. ఈ మాట దాచిపెట్టి ప్రయోజనము లేదు. కుక్కను ఆపవలసినది యజమాని చేయి, కావలివాని కేక. మార్చి మొదలు జూలై వరకు పెంపుడు కుక్కలను తిన్నె దిక్కునకు విడువవద్దని, పడవల కాపలాకు ఉంచు కుక్కలను పడవ యొద్దనే పలుపుతో కట్టి నీడ, నీరు చూపవలెనని గ్రామసభలో నిర్ణయించి చాటింపు వేయించవలెను. జరిమానా విధింపవలెనని కొందరు తొందరపడుదురు. మొదటి ఏడు జరిమానా మాట ఎత్తకుండుటయే మంచిదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. జరిమానాతో మొదలైన పని కక్షలతో ముగియును. కోల్ ఆయిల్ పాయింట్ తీరమున పని చేసినది దూరదర్శినితో పక్షిని చూపిన మనుష్యులు. గూటిపై కూర్చున్న పక్షిని ఒకసారి తన కంటితో చూచినవాడు తన కుక్కను తానే పిలుచుకొనును.

కావలివాని విషయములో కూలి ప్రశ్న వచ్చును. చేపలవేట నిషేధ కాలమున పనిలేక యుండు యువకులు ప్రతి రేవునను ఉందురు. ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు, కుక్కలును విహారులును ఎక్కువగ వచ్చు వేళలలో కావలి యున్న చాలును. కొంత కూలి పంచాయతీ నిధులనుండియో, అటవీశాఖ సహాయముతోనో ఇచ్చుట న్యాయము. ఉచిత సేవ యని చెప్పి పేదవాని వేసవినంతయు తీసికొనుట తగదు. పాఠశాల పిల్లలను వంతులవారీగ తోడు పంపవచ్చును. గూళ్ళ లెక్క వ్రాయుటలో వారు పెద్దలకంటె నమ్మకమైనవారు.

ఈ ఏర్పాట్లవలన సముద్రపు తాబేళ్ళకు కూడ మేలు కలుగును. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చలికాలపు చివరనుండి వేసవి ఆరంభము వరకు మన తీరమున రాత్రులందు ఇసుక త్రవ్వి గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లను త్రవ్వి తినువానిలో కుక్కలే ముఖ్యమైనవి. అందుకే పెక్కుచోట్ల అటవీశాఖవారు, స్వచ్ఛంద సంస్థలవారు గ్రుడ్లను తీసి కంచె వేసిన పొదుగు కేంద్రములలో పాతిపెట్టుచున్నారు. మీ ఊరి దాపున అట్టి కేంద్రమున్నచో అచ్చటి కావలివారు రాత్రులు ఒడ్డు వెంట నడచువారే గనుక పక్షుల గూళ్ళ జాడయు వారిని అడుగవలెను. తాబేటి గ్రుడ్లను తరలింపవచ్చును గాని, పక్షి గ్రుడ్లను తరలించిన పక్షి వానిని విడిచిపెట్టును. వానిని ఉన్నచోటనే కాపాడవలెను.

పని మొదలు పెట్టుటకు అనువైన దినము జనవరి 26న జరుగు గ్రామసభ. అప్పటికి తీతువులింకను గ్రుడ్లు పెట్టవు. గుంట త్రవ్వించుటకు, కర్రలు సమకూర్చుకొనుటకు నెల దినములు వ్యవధి యుండును. తీర్మానపు నకలును అటవీ క్షేత్రాధికారికిని, పశువైద్యాధికారికిని పంపవలెను. ఆగస్టు చివరన ఆఖరి పిల్లలు ఎగిరిన తరువాత తాడు విప్పి, ఉప్పు కడిగి, ఆరబెట్టి, చుట్టగా చుట్టి పంచాయతీ కార్యాలయములో భద్రపరచినచో మరుసటి సంవత్సరము క్రొత్త తాడు కొనవలసిన పని యుండదు. గూళ్ళ లెక్క వ్రాసిన పుస్తకమును ఆ తాటి చుట్టపైననే ఉంచుడు.